చెవిలోని పిడుదు, ఇంటిలోని పాడి

ఆఫ్రికా ఖండపు తూర్పు భాగంలో కెన్యా అనే దేశం ఉన్నది. దాని రాజధాని నైరోబీ. ఆ నగరాన్ని ఆనుకొని, కాఫీ తోటలకూ తేయాకు తోటలకూ పేరుపడిన కియాంబు అనే ప్రాంతం ఉన్నది. ఎర్రని నేల, చల్లని గాలి, ఏటవాలుగా దిగిపోయే కొండ చరియలు. భూమి సారవంతమైనదే గాని, తరతరాల పంపకాలలో చిన్న చిన్న ముక్కలైపోయినది. ఎకరమో, రెండెకరాలో కలవాడు అక్కడ సామాన్య గృహస్థు. ఆ చెక్కలో కొంత మొక్కజొన్న, కొంత చిక్కుడు. ఇంటి వెనుక కొయ్యపలకలతో కట్టిన చిన్న కొట్టం. ఆ కొట్టంలో ఒకటో రెండో నలుపు తెలుపు మచ్చల ఆవులు. వాటిని మేతకు తోలరు. తోలుదామంటే బీడు లేదు. గట్లమీదా, దారి అంచులనా పెంచిన నేపియర్ గడ్డిని కోసి, ముక్కలు చేసి, ఆవు దగ్గరకే తెచ్చి వేస్తారు. తెల్లవారకముందే ఇల్లాలు లేచి పాలు పితికి పాలకేంద్రానికి చేరుస్తుంది. నెల తిరిగిన తరువాత చేతికి వచ్చే ఆ పాలడబ్బుతోనే పిల్లల బడి ఖర్చులు, ఉప్పూ నూనె, జ్వరం వస్తే మందులూ. మొక్కజొన్న తిండికి సరిపోతుంది. రొక్కం మాత్రం ఆవు పొదుగు నుండే రావాలి.

ఈ ఆవులు ఆ రైతులకు అనాదిగా ఉన్నవి కావు. వలసపాలన కాలంలో మేలురకపు పాడి పశువులు తెల్లవారి క్షేత్రాలలోనే ఉండేవి. ఆఫ్రికా రైతు వాటిని పెంచడానికి దారి ఉండేది కాదు. 1954లో స్విన్నర్టన్ అనే వ్యవసాయాధికారి పేరుమీద వచ్చిన ప్రణాళికతో ఆ ద్వారం కొంత తెరుచుకున్నది. 1963లో స్వాతంత్ర్యం వచ్చిన తరువాత చిన్న రైతులు ఈ పాడిని ఎంత దీక్షతో పట్టుకున్నారంటే, నేడు కెన్యాలో పాల ఉత్పత్తిలో అత్యధిక భాగం వారి కొట్టాల నుండే వస్తున్నది. ఇంత గొప్ప పాడి ఒక చిన్న పురుగు దయాధర్మంపై ఆధారపడి ఉన్నదంటే శ్రోతలకు అతిశయోక్తిగా తోచవచ్చును. ఆ పురుగు పిడుదు. మనలో కొందరు దానిని గోమారి అంటారు.

మా కార్యక్రమానికి వచ్చే ఉత్తరాలలో తొలకరి జల్లులు పడగానే పిడుదుల ప్రసక్తి తప్పక కనిపిస్తుంది. ఆ ఉత్తరాలు చదివినప్పుడెల్లా నాకు మా ఇంటి ఆవు జ్ఞాపకం వస్తుంది. నేను బడికి పోయే రోజులలో మా నాన్నగారు అప్పుచేసి ఒక సంకరజాతి ఆవును కొన్నారు. రెండవ ఈతలో ఉండగా దానికి భుజం ముందర బిళ్ళ కట్టినది. ఏదో దెబ్బ తగిలినదనుకొని మా నాయనమ్మ పసుపు, సున్నం కలిపి పట్టువేసింది. ఆవు మేత మానినది, రొప్పసాగినది. నాలుగవనాడు పశువైద్యుడు వచ్చి చూచి, "ముందే పిలిచి ఉంటే!" అన్నాడు. ఆవు పోయినది, అప్పు మాత్రం మరి మూడేళ్ళు మా ఇంటనే ఉన్నది. అది పిడుదుల వలన వచ్చే థైలీరియా జ్వరమని చాలా కాలానికి గాని నాకు తెలియలేదు. నేడు నేను చెప్పబోయేది ఆ జ్వరానికి అన్నవంటి జ్వరాన్ని గురించి. తూర్పు ఆఫ్రికాలో దానిని తూర్పు తీరపు జ్వరం అంటారు. మసాయి అనే పశుపాలకుల జాతివారు తమ భాషలో ఓల్టికానా అంటారు. దక్షిణ సూడాన్ మొదలు మొజాంబిక్ వరకు పదకొండు, పన్నెండు దేశాలలో ఏటా పది లక్షల పశువులు దీనివల్ల చనిపోతున్నవని అంచనా.

దీనిని మోసే పిడుదు గోధుమ రంగులో ఉంటుంది. పెద్దదైన తరువాత అది ముఖ్యంగా పశువు చెవి లోపల చేరుతుంది. దాని జీవితం చిత్రమైనది. గుడ్డులోనుండి వచ్చిన పిల్ల ఒక పశువును పట్టుకొని రక్తం త్రాగి నేలరాలుతుంది. నేలమీద కుబుసం విడిచి, కొంత పెరిగి, మరొక పశువును పట్టుకుంటుంది. మళ్ళీ రాలి, మళ్ళీ కుబుసం విడిచి, పెద్ద పిడుదై మూడవ పశువును చేరుతుంది. మొదటి పశువుకు రోగం ఉంటే రెండవ దానికి, రెండవ దానికి ఉంటే మూడవ దానికి అంటిస్తుంది. గుడ్ల ద్వారా మాత్రం రోగం రాదు. ఆ ప్రాంతపు అడవిదున్నలలో ఈ రోగక్రిమి హాయిగా నివసిస్తుంది. దున్నకు జబ్బు చేయదు. కనుక అడవి ప్రక్కన మేసే మందకు ఎప్పుడూ ప్రమాదమే.

రైతుకు అన్నిటికన్న ఉపకరించే విషయం మరొకటి ఉన్నది. పిడుదు కరచిన క్షణాననే రోగం ఎక్కదు. పిడుదు నోటి గ్రంథులలో నిద్రిస్తున్న క్రిమి, వెచ్చని రక్తం తగిలిన తరువాత మేలుకొని, పక్వానికి వచ్చి, పశువు శరీరంలో ప్రవేశించడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. ఆ మూడు రోజులే రైతుకు ఉన్న గడువు. ఆ లోపల పిడుదును తీసివేసినా, చంపినా, ఆవు బ్రతికినట్లే. తరువాత తీసివేస్తే దురద తగ్గుతుంది గాని రోగం ఆగదు.

లోపల ప్రవేశించిన క్రిమి తెల్లరక్తకణాలలో చేరుతుంది. శరీరాన్ని కాపాడవలసిన సైన్యంలోనే శత్రువు దూరినట్లన్నమాట. అంతటితో ఊరుకోక, ఆ కణాలను హద్దు లేకుండా పెరిగేటట్లు చేస్తుంది. కణం రెండైనప్పుడల్లా తానూ రెండవుతుంది. ఎనిమిది పది రోజులు పైకి ఏమీ తెలియదు. తరువాత చెవి క్రింద బిళ్ళ కడుతుంది. జ్వరం 104 డిగ్రీలు దాటి 106 వరకు పోతుంది. అప్పటికింకా ఆవు కొంత మేస్తూనే ఉంటుంది గనుక చాలామంది లక్ష్యపెట్టరు. పిదప ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది. ముక్కునుండి నురగ వస్తుంది. నేలమీద నిలుచున్న ఆవు నీట మునిగినట్లు ఊపిరాడక మరణిస్తుంది. బిళ్ళ కనిపించిన తొలి రోజులలో బుపార్వక్వోన్ అనే మందు సూదిద్వారా ఇస్తే చాలావరకు బ్రతికించవచ్చును. నురగ వచ్చిన తరువాత ఇస్తే మందు ఖర్చు కూడ ఆవు ఖర్చులో చేరుతుంది, అంతే.

ఈ జ్వరం దక్షిణ ఆఫ్రికా ప్రాంతాలకు ఎట్లా ప్రాకినదో చెప్పుకోదగిన కథ. 1896, 97 సంవత్సరాలలో రిండర్‌పెస్ట్ అనే పశువుల పెద్ద జాడ్యం అక్కడి మందలను ఊడ్చివేసినది. తరువాత బోయర్ యుద్ధం వచ్చినది. దుక్కికీ, బండ్లకూ పశువులు లేక, తూర్పు తీరం నుండి ఓడలమీద కొనితెచ్చుకున్నారు. ఒక రోగం చేసిన నష్టాన్ని పూడ్చుకొనబోయి మరొక రోగాన్ని దిగుమతి చేసుకొన్నారన్నమాట. 1902 నాటికి నేటి జింబాబ్వేలో, ఆనాటి రొడీషియాలో, పశువులు గుంపులుగా కూలిపోయినవి. క్షయక్రిమిని కనుగొన్న మహాశాస్త్రజ్ఞుడు రాబర్టు కోక్‌ను ప్రభుత్వంవారు జర్మనీనుండి ఆహ్వానించారు. ఆయన 1903లో బులావాయో నగరంలో ప్రయోగాలు ఆరంభించి, కోలుకొన్న పశువుల రక్తాన్ని ఇతర పశువులకు ఎక్కించితే రక్షణ కలుగుతుందని సలహా చెప్పాడు. అది ఫలించలేదు. అంతటివానికీ ఈ పిడుదు లొంగలేదు. ఇది వేరే రోగమని, దీని క్రిమి వేరని స్పష్టంచేసినవాడు దక్షిణాఫ్రికాలో పనిచేసిన ఆర్నల్డ్ థైలర్ అనే పశువైద్యుడు. థైలీరియా అనే పేరు ఆయన పేరుమీద ఏర్పడినదే. ప్రసంగవశాత్తు చెప్పుతున్నాను: పచ్చజ్వరానికి టీకా కనుగొని 1951లో నోబెల్ బహుమతి పొందిన మాక్స్ థైలర్ ఈయన కుమారుడే. పిడుదే ఈ రోగాన్ని మోస్తున్నదని 1904లో కేప్ ప్రాంతపు కీటకశాస్త్రజ్ఞుడు లౌన్స్‌బరీ నిరూపించాడు.

పిడుదని తేలిన తరువాత దానిని చంపడమే మార్గమైనది. భూమిలో పొడవుగా తొట్టి కట్టి, మందు కలిపిన నీరు నింపి, పశువులను ఒక వైపున దుమికించి, ఈదించి, రెండవ వైపున ఎక్కించేవారు. మూడు రోజుల గడువు సంగతి గ్రహించి, నాటాల్ ప్రాంతంలో వాట్కిన్స్ పిచ్‌ఫర్డ్ అనే పశువైద్యుడు మూడు రోజులకొకసారి, అయిదు రోజులకొకసారి ఈ స్నానం చేయించే పద్ధతి పెట్టాడు. తొట్లతోబాటు కంచెలు, రాకపోకలపై నిర్బంధాలు, రోగపు మందల వధ, ఇవన్నీ కలిపి అర్ధశతాబ్దం అమలు జరిపిన మీదట దక్షిణాఫ్రికా నుండి ఆ జ్వరం పోయినది. తూర్పు ఆఫ్రికాలో అది సాధ్యం కాలేదు. కెన్యాలో ప్రభుత్వంవారే నడిపిన తొట్లు కొన్ని దశాబ్దాలు బాగానే పనిచేసినవి. 1990 దశకంలో వాటిని గ్రామ సంఘాలకు అప్పగించారు. మందు కొనడానికి డబ్బు లేక, నీరు తోడేవాడు లేక, అనేకం ఎండిపోయినవి. రైతులు ఎవరికివారే వీపుకు తగిలించుకొనే పిచికారీ పంపులు కొనుక్కున్నారు.

పిచికారీలో వచ్చిన చిక్కు మన రైతుకు కూడ పరిచితమైనదే. మందు ఖరీదు గనుక కొంచెం పలుచగా కలుపుతారు. నీరు తక్కువ గనుక వీపు తడిపి వదలివేస్తారు. చెవి లోపలికి, తోక క్రిందికి మందు చేరదు. పలుచని మందుకు బలహీనమైన పిడుదులు చచ్చి, మొండివి మిగులుతవి. వాటి సంతానమూ మొండిదే. ఉగాండా నైరుతి భాగపు పాడి జిల్లాలలో రెండు మూడు తరగతుల మందులకు లొంగని పిడుదులు బయలుదేరినట్లు 2010 తరువాతి పరిశోధనలలో తేలినది. మందు పనిచేయకపోయేసరికి కొందరు రైతులు పంటల పురుగుమందులను ఆవులమీద చల్లసాగారు. ఆ పాలు ఎవరు త్రాగుతారో వేరే చెప్పనక్కరలేదు.

"ఆ దేశపు నాటు ఆవులు ఇన్ని వందల ఏండ్లు ఎట్లా బ్రతికినవి?" అని శ్రోతలు అడుగవచ్చును. మూపురం కలిగిన అక్కడి ఆవులు పుట్టినప్పటినుండి పిడుదుల నడుమనే ఉండి, దూడవయసులోనే రోగం తగిలి, బలహీనమైనవి పోయి, మిగిలినవి జీవితాంతం తట్టుకొంటవి. అవి ఇచ్చే పాలు మాత్రం స్వల్పం. పదింతలు పాలిచ్చే పైదేశపు జాతిని తెస్తే, దానికి ఈ రోగం క్రొత్త; తగిలినదంటే దక్కడం అరుదు. అంటే పాడి ఎంత పెరిగితే ప్రమాదమూ అంత పెరుగుతున్నది. రోగ నివారణ ఖర్చును పాడి ఖర్చులో ఒక భాగంగా మొదటినుండీ లెక్కవేసికొనని రైతుకు లాభం కాగితంమీద మాత్రమే కనిపిస్తుంది. మా నాన్నగారి లెక్కలో తెలగపిండి ఉన్నది, తవుడు ఉన్నది, వడ్డీ ఉన్నది, పిడుదు లేదు.

ఇక టీకా సంగతి. కియాంబు ప్రాంతంలోనే ముగూగా అనే చోట పశువైద్య పరిశోధనాలయం ఉన్నది. 1970 దశకంలో అక్కడి శాస్త్రజ్ఞులు ఒక సాహసమైన ఉపాయం కనుగొన్నారు. రోగం సోకిన పిడుదులను నూరి, వాటిలోని సజీవమైన క్రిములనే దూడకు సూదిద్వారా ఎక్కిస్తారు. అదే నిమిషాన రెండవ సూదిగా, చాలారోజులు శరీరంలో నిలిచే ఆక్సీటెట్రాసైక్లిన్ ఇస్తారు. రోగం తల ఎత్తుతుంది. మందు దానిని అణచుతుంది. దూడ స్వల్పంగా జబ్బుపడి కోలుకొని, జీవితాంతం రక్షణ పొందుతుంది. ఒక్క ప్రాంతపు క్రిమి చాలదని మూడు రకాలను కలిపారు. వాటిలో ఒకటి ముగూగాది, ఒకటి కియాంబుది, మూడవది టాంజానియాలోని సెరెంగెటీది.

ఇంత చక్కని సాధనం ముప్పది ఏండ్లపాటు ఎక్కువ భాగం పరిశోధనాలయాలలోనూ, చర్చలలోనూ ఉండిపోయినది. సజీవమైన రోగాన్ని మనమే ఎక్కించడమా అని కొందరి భయం. కోలుకొన్న పశువులు క్రిమిని మోస్తూ, లేని చోటికి క్రొత్త రకాలను చేరుస్తవని మరికొందరి అభ్యంతరం. అది పూర్తిగా నిరాధారమైనది కాదు. దీనిని నిలువచేయడానికి, మన కృత్రిమ గర్భధారణ కేంద్రాలలో వీర్యాన్ని దాచినట్లు, ద్రవ నత్రజని కావాలి. తయారీ కష్టం, ఖరీదు ఎక్కువ. దూడ ఒక్కింటికి 8 నుండి 12 డాలర్ల వరకు అయినట్లు లెక్కలున్నవి. పేదరైతు అంత పెట్టగలడా, ఉచితంగా ఇవ్వలేనప్పుడు ఎందుకు అని పెద్దలు తీర్మానించుకొన్నారు.

ఆ తీర్మానం తప్పని చూపినవారు పెద్దలెవరూ కారు, ఉత్తర టాంజానియాలోని మసాయి పశుపాలకులు. 1990 దశకం చివర అక్కడ ఈ టీకా వేయడం ఆరంభమైనది. దూడలలో మూడవవంతు, కొన్ని మందలలో సగం కూడ, ఈ జ్వరానికి అర్పించుకొంటున్నవారికి ఒక్క సంవత్సరంలో తేడా కంటికి కనిపించినది. ఒక దూడను అమ్మి ఆ డబ్బుతో మిగిలిన దూడలన్నిటికీ టీకా వేయించుకొన్నారు. టీకా వేసిన దూడ చెవికి ఒక బిళ్ళ తగిలిస్తారు. కొంతకాలానికి సంతలో ఆ చెవిబిళ్ళ ఉన్న పశువుకు ఎక్కువ ధర పలుకసాగినది. ఇక ఎవరూ ప్రచారం చేయవలసిన పని లేకపోయినది. లక్షల దూడలకు టీకాలు పడిన తరువాత, ఈ శతాబ్దం వచ్చిన పిదప గాని, ప్రభుత్వాలు దానికి నియమబద్ధమైన అనుమతి ఇవ్వలేదు. నేడు మలావీ రాజధాని లిలోంగ్వేలో ఆ టీకాను తయారుచేస్తున్నారు.

ముగూగాలో పుట్టిన టీకా, ముగూగా ప్రక్కనే ఉన్న మన కియాంబు ఇల్లాలి ఆవుకన్న ముందు, ఎక్కడో మసాయి మందకు చేరినది. ఇందులో ఎవరి దోషమూ లేదు, ఉన్నదంతా గొట్టంలోనే. టీకా ఉంచే సన్నని గొట్టం ఒకటి కరిగించితే ముప్పది, నలభై దూడలకు వస్తుంది. కరిగించి కలిపిన తరువాత కొద్ది గంటలలోనే వాడివేయాలి; మర్నాటికి పనికిరాదు. మసాయి మందలో నలభై దూడలు ఒక్క ఉదయాన ఒక్క దొడ్డిలో దొరుకుతవి. కియాంబు ఇల్లాలికి ఉన్నది ఒక్కటే దూడ. ఆ ఒక్క దూడ పోతే ఆమెకు మిగిలేదీ ఏమీ లేదు. మంద కలవాడు పది దూడలు పోయినా నిలువగలడు. అత్యంత అవసరమైన ఇంటికే ఆ మందు అన్నిటికన్న ఆలస్యంగా చేరడం నన్ను బాధపెట్టిన విషయం.

దీనికి మార్గం లేకపోలేదు, అది ఆ దేశంలోనే ఉన్నది. కెన్యా పాడి సహకార సంఘాలు మేతను, మందులను అరువుగా ఇచ్చి, నెలాఖరున పాలడబ్బులో మినహాయించుకొనే పద్ధతి చాలాకాలంగా నడుపుతున్నవి. పాలకేంద్రానికి రోజూ పాలు పోసే నలభై ఇళ్ళ దూడలను ఒక్క ఉదయాన ఒక్క చోటికి నడిపించగలిగినది ఆ సంఘమే. టీకా ఖర్చును రెండు మూడు నెలల పాలలో కొంచెం కొంచెంగా రాబట్టగలిగినదీ అదే. ఇట్లా జరిగిన చోట్ల ఒంటి ఆవు రైతులకూ టీకా అందుతున్నది. జరగని చోట్ల, డబ్బు చేతబట్టుకొని కూడ, నలభై దూడలు పోగయ్యేవరకు ఎదురుచూడవలసి వస్తున్నది.

మన దేశంలో ఉన్న థైలీరియా వేరు జాతిది, దానిని మోసే పిడుదు కూడ వేరు. తూర్పు ఆఫ్రికా టీకా మనకు పనికిరాదు, మన టీకా వారికి పనికిరాదు. మన సంకరజాతి పశువుల కొరకు వేరొక టీకా ఉన్నది. ప్రయోగశాలలో కణాలమీద పెంచి, బలహీనపరచిన క్రిమితో దానిని తయారుచేస్తున్నది మన హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థే. దానికీ ద్రవ నత్రజనే కావాలి. దానికీ పదిమంది రైతులు ఒక్కటై పశువైద్యుని అడిగితేనే పని సులభంగా జరుగుతుంది. బుపార్వక్వోన్ మాత్రం ఉభయ జ్వరాలకూ పనిచేస్తుంది. పైన చెప్పినట్లు, తొలి రోజులలోనే.

టీకా వచ్చేవరకు కియాంబు ఇల్లాలు ఏమిచేయాలి? అక్కడి పశువైద్యులు ఆమెకు చెప్పేది చాలా చిన్న పని. పాలు పితకడానికి ముందు, ఆవు తలను తొట్టిలో పెట్టినప్పుడు, రెండు చెవులూ త్రిప్పి లోపల చూడడం, వేలితో తడమడం, కనిపించిన పిడుదును తీసి నిప్పులో వేయడం, వారానికి ఒకటి రెండు సార్లు చెవిలో పిడుదుల మందు రాయడం. చిన్న పిడుదులు కంటికి ఆనవు గనుక మందును సీసామీద చెప్పిన పాళ్ళలోనే కలిపి ఒళ్ళంతా తడిసేటట్లు చల్లడం, మందు చల్లిన తరువాత ఎన్ని పూటలు పాలు అమ్మరాదో సీసామీద చూచి అంతవరకు ఆగడం. అడవి అంచున కోసిన గడ్డిని కొట్టంలోకి తేకపోవడం. తరువాత అదే చేతిని చెవి క్రిందికి జార్చి, బిళ్ళ ఏమైనా తగులుతున్నదేమో చూడడం. తగిలితే ఆ పూట పాలు కేంద్రానికి పోసి రాగానే, పాలు తగ్గేవరకు ఆగకుండా, పశువైద్యునికి కబురు చేయడం. ఇదంతా చేయడానికి ఒక్కొక్క ఆవుకు రెండు మూడు నిమిషాలకన్న ఎక్కువ పట్టదు. ఆమె దానిని రోజూ చేస్తుంది, పొదుగు కడిగినంత సహజంగా.